నెల రోజుల నోటీసు

దేవుడి ఊసు వద్దంది ఇల్సా, మొట్టమొదట.
పూలొద్దు. తెల్లగౌను అసలే వద్దు.
వంటింటి బల్లమీద ఫారం పరిచి
నేను కళ్ళజోడు వెతుక్కుంటున్నాను.
పెళ్ళిళ్ళు జరిపించే లైసెన్సు వచ్చి నాకు పదకొండేళ్ళు,
అంతకుముందు ఈ టాస్మేనియా రేవులోనే
ఆపిల్ పెట్టెల లెక్క రాసేదాన్ని.
పెద్ద తేడా ఏం లేదు:
పేరు తప్పు పోకూడదు, తేదీ తప్పు పోకూడదు,
సిరా ఆరేదాకా మోచెయ్యి ఆనకూడదు.

కిటికీ పక్కన లిండ్సే.
యాభై ఏళ్ళు పడవలు కట్టినవాడు.
మార్చిలో మెదడులో ఒక నరం చిట్లి
ఆటుపోటు తీరం మీది చెక్కల్ని లాక్కెళ్ళినట్టు
మాటల్ని లాక్కెళ్ళింది.
మిగిలినవి నాలుగు:
అవును, కాదు, మంగళవారం, ఒక బూతు.
ఏం చెప్పాలన్నా వాటిలోంచే ఏరుకోవాలి.

పంతొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారు,
ఎవరూ కాగితం అడగలేదు.
హోబార్ట్ ఆసుపత్రి కౌంటర్లో కుర్రాడొకడు అడిగాడట,
ఆయనకి మీరేమవుతారని.
పియానోలకి శ్రుతి చేసే మనిషి ఇల్సా,
వెంట్రుకవాసి తేడా కూడా చెవిలో ముల్లే.
"ఆ రోజు నా జవాబు శ్రుతి తప్పింది" అంది,
"అది సరిచేసుకోవాలి."

సరే, రాసుకున్నాం.
చోటు: పడవల షెడ్డు, సగం కట్టిన పడవ కదపకుండా.
జనం: పన్నెండుగురు, ఒక కుక్క.
సంగీతం: లేదు.
ఊరందరి వాయిద్యాలూ విన్న చెవులకి ఆ పూట సెలవట.
మొదటి భర్త మరణపత్రం కావాలన్నాను, నియమం.
వంటల పుస్తకంలోంచి తీసింది. మూలన వెన్న మరక.
మరక చూడనట్టు నంబరు రాసుకున్నాను.

ఇక మిగిలింది ఒక్క వాక్యం.
మిగతాదంతా మీ ఇష్టం,
తీసేయొచ్చు, తిరగరాయొచ్చు, అది మాత్రం చట్టానిది:
ఇక్కడున్న మీ అందరి సాక్షిగా
ఫలానా నేను ఫలానా మనిషిని చేపడుతున్నానని
పైకి అనాలి.
నోరు రానివాళ్ళకి దుబాసీని పెట్టుకునే వీలుందని
మెల్లగా చెప్పాను.
లిండ్సే బల్ల మీద చరిచాడు.
కాదు.
వెంటనే ఆ బూతు కూడా.

నోటీసు ఇచ్చాక నెల ఆగాలి.
తొందరపడే కుర్రకారుకి వేసిన పగ్గం
అనుకునేదాన్ని ఇన్నేళ్ళూ.

స్పీచ్ థెరపీకి వచ్చే పిల్ల కనిపెట్టింది
చేతికి పని ఉంటే ఇతనికి మాట కదులుతుందని.
పలకల సందుల్లో నార కుక్కే కొయ్యసుత్తి ఉందిగా,
దెబ్బకో మాట.
ఇక్కడ. ఉన్న. మీ. అందరి.
"సాక్షిగా" దగ్గర సుత్తి గాల్లో ఆగిపోయేది,
కుక్క తలెత్తి చూసేది.
నా కాగితంలో "వరుడు పలుకును" పక్కన
పెన్సిల్‌తో రాసుకున్నాను: సుత్తి.
ఎంతసేపు అన్న గడి ఖాళీగా వదిలేశాను.

నిన్న ఆదివారం, షెడ్డులో రిహార్సల్.
రంపంపొట్టు వాసన, పైకప్పు మీద వాన.
సాక్షిగా, అన్నాడు.
లిండ్సే పైబస్ అనే నేను, అన్నాడు.
నేను ఊపిరి బిగబట్టాను, గుమాస్తాలా:
ఇక ఆమె పేరు రావాలి.
సుత్తి లేచింది, దిగింది.
"మంగళవారం."

ఎవరూ నవ్వలేదు. అతను సుత్తి కింద పెట్టేశాడు.
ఇల్సా ఆ సుత్తి తీసి మళ్ళీ అతని చేతిలో పెట్టి
నా వైపు తిరిగింది:
"శనివారం అని రాసుకున్నారు కదా, కొట్టేయండి.
ఆ పైవారం మంగళవారం చేసుకుంటాం.
అన్న మాట అన్నట్టే ఉంటుంది."

పన్నెండుగురికీ ఫోన్లు చేయాలి.
కేకు మనిషి సణుగుతాడు.
అయినా మూడు రోజులు కలిసొచ్చాయి.
ఆమె పేరు ఇంకా రాలేదు.
రెండే అక్షరాలు.
రాత్రి పడుకోబోతూ కిటికీ వేస్తుంటే
నీళ్ళకి అవతల
ఒక దెబ్బ,
కాసేపటికి
ఇంకొకటి.